కారమెల్ మిల్క్‌షేక్‌కు పాకం ఎంత ముదరాలి?

ఇంట్లో చేసుకున్న కారమెల్ మిల్క్‌షేక్ చాలాసార్లు రంగు వేసిన తీపి పాలలా తయారవుతుంది. పాలనో, ఐస్‌క్రీమ్‌నో తప్పుపట్టే ముందు, పంచదార మాడిపోతుందేమోనన్న భయంతో పాకాన్ని ఎంత తొందరగా దించామో గుర్తు చేసుకోవాలి. కారమెల్‌కు ప్రాణం దాని వాసన, తీపి వెనకాలే వచ్చే చిరుచేదు. అందులో పాలూ ఐస్‌క్రీమూ కలిసేసరికి ఆ చిరుచేదు పలచబడుతుంది. పైగా బాగా చల్లగా ఉన్న పదార్థంలోని రుచి నాలుకకు సగమే తెలుస్తుంది. అందువల్ల పుడ్డింగ్ గిన్నెలో అడుగున పోసే పాకం కంటే మిల్క్‌షేక్ పాకం ఒక మెట్టు ముదురుగానే ఉండాలన్నది నా అభిప్రాయం.

లడ్డూలకూ అరిసెలకూ పాకం పట్టడం మన ఇళ్లలో కొత్త విద్యేమీ కాదు. అయితే తీగపాకం నుంచి ఉండపాకం దాకా మనం చూసే దశలన్నీ పాకంలో ఇంకా నీళ్లు మిగిలి ఉండగా, దాదాపు 105 నుంచి 120 డిగ్రీల సెల్సియస్ మధ్య వచ్చేవి. ఆ నీళ్లు దాదాపుగా ఇగిరిపోయాక, వేడి 160 డిగ్రీలు దాటినప్పుడు పంచదార తన రూపం మార్చుకుని రంగు, వాసన, చేదు పుట్టించడం మొదలుపెడుతుంది. నలుగురికి సరిపడే పాకం కోసం అడుగు మందంగా ఉన్న ఎత్తైన స్టీలు గిన్నెలో 100 గ్రాముల పంచదార, మూడు పెద్ద చెంచాల నీళ్లు, నాలుగైదు చుక్కల నిమ్మరసం వేసి మధ్యస్థమైన సెగ మీద పెట్టాలి. నిమ్మరసంలోని పులుపు పంచదారలో కొంత భాగాన్ని గ్లూకోజ్, ఫ్రక్టోజ్‌లుగా విడగొడుతుంది కనుక పాకం తిరిగి గడ్డకట్టి పలుకులు పలుకులుగా మారే బెడద తగ్గుతుంది. పంచదార కరిగాక గరిటె పెట్టకూడదు. గిన్నెనే పట్టుకుని మెల్లగా తిప్పితే చాలు.

నల్లటి నాన్‌స్టిక్ గిన్నెలో రంగు మార్పు తెలియదు కాబట్టి స్టీలు గిన్నె అన్నాను. పాకం మొదట లేత పసుపు రంగులోకి వస్తుంది, తరువాత తేనె రంగులోకి, ఆపైన పాత రాగి చెంబు రంగులోకి తిరుగుతుంది. చాలామంది తేనె రంగు దగ్గరే ఆగిపోతారు. మిల్క్‌షేక్‌కు రాగి రంగు రావాలి, సన్నని పొగ కనబడీ కనబడనట్టు ఉండాలి. ఆ తరువాత నలుపు తిరగడానికి ఎంతోసేపు పట్టదు కనుక వెన్న, క్రీమ్ ముందే కొలిచి పక్కన పెట్టుకుని, రంగు రాగానే పొయ్యి ఆపేయాలి.

వెంటనే 25 గ్రాముల వెన్న, ఆ తరువాత గోరువెచ్చగా చేసిన 100 మిల్లీలీటర్ల క్రీమ్‌ను కొద్దికొద్దిగా పోస్తూ కలపాలి. క్రీమ్‌లోని నీరు అంత వేడి పాకానికి తగలగానే ఒక్కసారిగా ఆవిరై పైకి పొంగుతుంది. ఆ పాకం చర్మానికి అంటుకుంటే మరిగే నీళ్లకన్నా తీవ్రంగా కాలుస్తుంది కాబట్టి ఆ సమయంలో పిల్లలు పొయ్యి దగ్గర లేకుండా చూసుకోవడం మంచిది. క్రీమ్ బదులు పాల మీది తాజా మీగడను కొంచెం పాలతో నునుపుగా గిలకొట్టి వాడవచ్చు. వారం రోజులుగా కూడబెట్టి పులిసిన మీగడ మాత్రం ఇందులో విరిగిపోతుంది. చివరగా పావు చెంచా ఉప్పు వేయాలి. ఈ ఉప్పును అలంకారంగా భావించి మానేయకండి, చేదును అదుపులో ఉంచేది అదే. చల్లారిన పాకం గాజు సీసాలో, ఫ్రిజ్‌లో వారం పైగా నిలవ ఉంటుంది.

చిక్కదనం కోసం మంచుముక్కలు వేయడం నాకు నచ్చదు. అవి కరిగిన కొద్దీ అంతవరకూ పడిన శ్రమంతా నీళ్లపాలవుతుంది. 6 శాతం కొవ్వు ఉండే ఫుల్‌క్రీమ్ పాలను కాచి చల్లార్చి, వాటిలో కొన్నింటిని ఐస్ ట్రేలో గడ్డకట్టించి ఆ ముక్కలే వాడితే రుచి పలచబడదు. ఐస్‌క్రీమ్ కొనేటప్పుడు డబ్బా మీద ఫ్రోజెన్ డెజర్ట్ అని ఉందేమో చూడాలి. అందులో పాల కొవ్వుకు బదులు మొక్కల నుంచి తీసిన నూనెల కొవ్వు వాడతారు, ఆ జిడ్డు అంగిటికి అంటుకుని కారమెల్ రుచిని కప్పేస్తుంది.

ఇద్దరికైతే మిక్సీ జార్‌లో 200 మిల్లీలీటర్ల చల్లని పాలు, నాలుగు పెద్ద చెంచాల పాకం వేసి ముందుగా వాటినే తిప్పాలి. అన్నీ ఒకేసారి వేస్తే ఫ్రిజ్‌లో బిగిసిన పాకం బ్లేడ్ల అడుగున ముద్దగా ఉండిపోతుంది. తరువాత మూడు స్కూపుల వెనిలా ఐస్‌క్రీమ్, నాలుగు పాల ముక్కలు వేసి, ఆపి ఆపి కాసేపు తిప్పితే చాలు. అంతకంటే ఎక్కువ తిప్పితే ఐస్‌క్రీమ్ కరిగి, చిక్కదనం పోయి నురగ మిగులుతుంది.

పంచదారకు బదులు బెల్లంతో చేయవచ్చా అని అడిగేవారు ఉంటారు. బెల్లం మొదటి నుంచే గోధుమ రంగులో ఉంటుంది కనుక పాకం ఎంత ముదిరిందో కంటికి తెలియదు, వేడి పాలు, క్రీమ్‌లను విరిచే గుణమూ దానికి ఉంది. బెల్లం రుచే కావాలనుకుంటే చల్లారిన బెల్లం పాకాన్ని వడగట్టి చల్లని పాలలో కలుపుకోవచ్చు, కానీ అది వేరే పానీయం.