వాళ్ల వీధిలో మా ఇల్లు

"మీకైతే ఇచ్చేవాళ్లున్నారు. నేనీ వీధిలోనే పుట్టాను, నాకెవరిచ్చారమ్మా?"

ఎదురింటి పెద్దావిడ గొంతు పెంచలేదు. గృహప్రవేశం లడ్డూలు అందుకుని, థాంక్స్ చెప్పాకే అడిగారు. నాకు నోట మాట రాలేదు.

అమెరికాలో న్యూ హేవెన్ అనే ఊళ్లో, యేల్ యూనివర్సిటీ ల్యాబ్‌లో నా ఉద్యోగం. ఊళ్లో యూనివర్సిటీ ఎంచిన పేటల్లో ఇల్లు కొనుక్కుని అందులోనే కాపురముంటే, తన ఉద్యోగులకు డబ్బు సాయం చేస్తుంది. 1994 నుంచీ ఉందీ పథకం. మాకు పదేళ్ల మీద విడతలుగా ఇస్తారు. ప్రొఫెసర్లకే కాదు, వంటశాలలో పర్మనెంటుగా పనిచేసేవాళ్లకూ ఇస్తారు. ఆ ఆసరా లేకపోతే డిక్స్‌వెల్ పేటలో ఈ పాత చెక్క ఇల్లు కూడా మా తాహతుకు అందేది కాదు. దీనికి నిజం గడప ఉంది. ఓక్ చెక్క, మధ్యలో అరిగి పల్లమైంది. పసుపు రాస్తుంటే ఆ పల్లం వేళ్లకు తగిలింది. ఎన్ని కుటుంబాలు తొక్కిన గడపో!

ఆవిడ నాన్నగారు విన్‌చెస్టర్ తుపాకుల ఫ్యాక్టరీలో పనిచేశారట. ఈ చుట్టుపక్కల నల్లజాతి కుటుంబాలెన్నో ఆ జీతాల మీదే నిలదొక్కుకున్నాయి. 2006లో అది మూతపడింది. ఇప్పుడు ఊళ్లో అందరికన్నా ఎక్కువ ఉద్యోగాలిచ్చేది యూనివర్సిటీయే. అక్కడ పని దొరికినవాళ్లకే ఇంటి సాయం కూడా. మరి ఆవిడ అడిగినదాంట్లో తప్పేముంది?

అయినా నేనెవరి నోటి దగ్గర కూడూ లాక్కోలేదు కదా! యూనివర్సిటీ ఆస్తుల్లో చాలావాటికి పన్ను లేదు, ఆ బరువు ఊరు మోస్తోంది. అందుకే 2021లో ఆరేళ్లకు దాదాపు 13.5 కోట్ల డాలర్లు ఊరికిస్తామని ఒప్పుకున్నారు. ఉద్యోగులు శివార్లకు పోకుండా ఊళ్లోనే ఉండి పన్ను కడితే ఊరికీ మేలే. నేనూ కడుతున్నాను.

రాత్రి మా ఆయనతో ఇంకో వాదన కూడా చేశాను. ఈ కాలేజీకి పేరిచ్చిన ఎలిహు యేల్ 1687 నుంచి 1692 దాకా మన చెన్నపట్నం గవర్నరు. వజ్రాల వ్యాపారంలో గడించాడు. ఆ రోజుల్లో అక్కడికి వజ్రాలు చాలావరకు వచ్చేది మన కృష్ణ ఒడ్డు గనుల నుంచే. 1718లో ఆయన పంపిన సరుకు అమ్మితే 562 పౌన్లు వచ్చాయి, కాలేజీకి ఆయన పేరు పెట్టారు. "మన సొమ్ములో కాస్త మనకు తిరిగొచ్చింది, అంతే" అన్నాను.

"మరి బానిసలుగా చాకిరీ చేసిన ఆవిడ ముత్తాతల సొమ్ము?" అన్నారాయన.

నాన్న ఆంధ్రా యూనివర్సిటీలో క్లర్కు. వాల్తేరు క్వార్టర్స్‌లో పెరిగాను. నాన్న రిటైరయ్యాక అమ్మ ఇల్లు కడిగి, ముగ్గేసి మరీ తాళాలు అప్పగించింది. అక్కడ నీకెందుకిచ్చారని ఎవరూ అడగలేదని, ఆ రోజులే హాయని ఇన్నాళ్లూ అనుకునేదాన్ని. కాంపౌండు గోడ అవతల పెదవాల్తేరులో అద్దెకుండేవాళ్లు మా గుమ్మం దాకా ఎప్పుడొచ్చారు గనక, అడగడానికి? ఇక్కడ గోడ లేదు. వాకిలి తీస్తే ఎదురుగా ఆవిడే.

ఈ వీధుల్లో ఏళ్ల తరబడి అద్దెకున్నవాళ్లకూ యూనివర్సిటీ ఈ సాయం చేయాలి. ఆ మాటే హౌసింగ్ ఆఫీసుకు ఉత్తరం రాశాను, ఇంకా జవాబు రాలేదు. ఈలోగా ఆవిడ మనవడు అక్కడి వంటశాలలో టెంపరరీగా చేస్తున్నాడని తెలిసింది. పర్మనెంటయి ఇల్లు కొనుక్కుంటే అతనికీ ఈ సాయం వస్తుంది. ఈ శనివారం పర్మనెంటు ఉద్యోగానికి అతని దరఖాస్తు మా ఇంట్లోనే కూర్చుని నింపుతాం.