ముడతలో ఆవగింజ

తొమ్మిది కిలోల ఆరు వందలు. పగ్ జాతి కుక్క ఆరు నుంచి ఎనిమిది కిలోల మధ్య ఉంటే చాలట. పశువైద్యుడు తూకం చూసి, తర్వాత మమ్మల్ని చూశారు. "ఎవరు పెడుతున్నారు?" మా ఆయన, పాప, నేను ఒకేసారి తల అడ్డంగా ఊపాం. అత్తయ్య ఇంట్లో ఉండిపోయారు కనుక నేరం ఆవిడ మీదకు పోయింది. ఇంటికొచ్చి నేనేమీ అనలేదు. గిన్నెలు మాత్రం కాస్త గట్టిగా పెట్టాను.

రాత్రి మా పగ్ బూరెగాడి మొహం తుడుస్తున్నాను. ముక్కు మీది ముడత విప్పి తడి దూదితో తుడిచి, పొడి దూదితో అద్దాలి. తడి మిగిలితే పుల్లటి వాసన, ఎర్రటి ఒరుపు. ఆ ముడతలోంచి ఒక ఆవగింజ వచ్చింది. వేగినది. దాన్ని అంటుకుని కరివేపాకు తునక. మా ఇంట్లో ఇవాళ పోపే పెట్టలేదు! ఎదురింటి మావుసి దహి పఖాళలో, అంటే పెరుగు కలిపిన చద్దన్నంలో, పెడతారు, ఉల్లిపాయ నంజుకుంటారు. ఉల్లిపాయ కుక్కల రక్తంలోని ఎర్రకణాలను చెడగొడుతుందని ఎన్నిసార్లు చెప్పాను! ఆవిడ ఒడియాలో నవ్వేస్తారు, నేను తెలుగులో ఉడుక్కుంటాను. పర్లాకిమిడిలో సగం తగాదాలు ఇలాగే రెండు భాషల మధ్య జారిపోతాయి. రేపు మాత్రం వదలను.

2003లో ఆ సెల్‌ఫోన్ ప్రకటన చూసి జనం పగ్‌ల కోసం ఎగబడితే నవ్వినదాన్ని నేను. మూడేళ్ల కిందట బరంపురంలో నాలుగు పిల్లల ముందు గొంతుక్కూర్చున్నదీ నేనే. మూతి మరీ అణిగిపోనిది, ముక్కు రంధ్రాలు బాగా తెరుచుకున్నది చూసుకోండి, తల్లి ఊపిరి ఎలా తీస్తోందో చూడండి అని డాక్టరు ముందే చెప్పారు. తల్లిని చూపించమంటే అమ్మేవాడు "ఊరెళ్లింది" అన్నాడు. కుక్క ఊరెళ్లడమేమిటి! అప్పుడే లేచి వచ్చేయాల్సింది. ఒక పిల్ల నా చెప్పు కొరుకుతూ హుషారుగా ఉంది, ముక్కు కూడా బాగుంది. మూలనున్నవాడివి రంధ్రాలు కావు, రెండు గీతలు. కూర్చునే గురక పెడుతున్నాడు. "అమ్మా, తాతయ్యలాగే!" అంది పాప. మామయ్య పోయి అప్పటికి నాలుగు నెలలు. డాక్టరు మాట మరిచిపోలేదు. గుర్తుండగానే డబ్బు తీశాను.

ఆ గీతల ముక్కుకి ఈ మే నెల ఎండ. కుక్క ఒంటి వేడి పోవాలంటే రొప్పాలి. పొట్టి మూతితో ఎంత రొప్పినా పెద్దగా లాభం ఉండదు. మాది పై అంతస్తు, మధ్యాహ్నానికి శ్లాబు పెనంలా కాలుతుంది. పోయిన వారం కరెంటు పోయినప్పుడు నేను ఆఫీసులో ఉన్నాను. వాణ్ని తన ఎర్ర సిమెంటు వరండాలో పడుకోబెట్టి, పొట్ట కింద తడి తువ్వాలు వేసి, గంటసేపు విసనకర్రతో విసిరింది మావుసే. వాడు అక్కడికి చల్లదనం కోసం పోతున్నాడు. వెళ్లినవాడి ముందు ఆవిడ తన కంచం ఎలా దాచుకుంటుంది?

అయినా ఉల్లిపాయ సంగతి చెప్పాల్సిందే. వరండా పోకుండా ఎలా చెప్పాలో తెలియడం లేదు. ఆవగింజ ఇంకా సీసా మూతలో ఉంది.

అత్తయ్య మంచినీళ్లకు లేచారు. "బూరె తిన్నాడా?"

తిన్నాడు అన్నాను. ఎక్కడో చెప్పలేదు.