కోళ్లు గూటికి చేరాకే భోజనం

ఫ్రాన్స్‌లోని లియాన్‌లో టీఈఆర్ అనే ప్రాంతీయ రైలెక్కితే బూర్గ్-ఆఁ-బ్రెస్ గంట పైచిలుకు. తిప్పలన్నీ అక్కడ దిగాకే. ఆదివారం కావడంతో మేము వెళ్లాల్సిన పల్లెకి బస్సు లేదు. టాక్సీ అతను అడిగిన డబ్బుతో మళ్లీ లియాన్ వెళ్లి రావచ్చు. ఆ చిరాకుతోనే నేనూ, అక్కడ ఉద్యోగం చేసే మా తమ్ముడూ పొలాల మధ్య ఉన్న కోళ్ల రైతు ఇంటికి చేరాం. పైన ఒక గది అద్దెకిస్తారు, రాత్రి భోజనం వాళ్లతోనే.

ఈ ప్రాంతం పేరుతోనే పిలిచే బ్రెస్ కోడి అంటే తెల్లటి ఈకలు, ఎర్రటి జుట్టు, నీలం కాళ్లు. 1957లో చట్టం చేసి మరీ ఆ పేరును కాపాడుకుంటున్నారు. ఒక్కో కోడికి కనీసం 10 చదరపు మీటర్ల పచ్చిక ఉండాలన్నది నియమం. దారిలో ఓ దుకాణంలో ఒక్క కోడి ముప్పై యూరోలు దాటింది. ఆ డబ్బుతో మా ఊళ్లో పెళ్లివారికి వండిపెట్టొచ్చు అనిపించింది.

జూన్ నెల. ఎనిమిదిన్నరకే ఆకలి దంచేస్తోంది, వంటింట్లోంచి మీగడ మరిగే వాసన. ఇంటావిడ మాత్రం భోజనానికి పిలవరు. ‘కోళ్లు ఇంకా లోపలికి పోలేదు’ అన్నారట, తమ్ముడు చెప్పాడు. ఆ రోజుల్లో అక్కడ పొద్దు తొమ్మిదిన్నరకి గానీ గుంకదు. వెలుగున్నంతసేపూ కోడి గూటికి రాదు. చీకటి పడగానే దానంతటదే మూసుకునే తలుపులు మార్కెట్లో ఉన్నాయి కదా అని అడిగించాను. ‘బయట ఒకటి మిగిలిపోతే ఆ తలుపు నాకు చెప్పదు’ అన్నారావిడ.

అందరం వెళ్లి కంచె దగ్గర నిలబడ్డాం. అప్పుడే, మోకాలెత్తు మొక్కజొన్న చేను గట్టు మీద నక్క కనిపించింది. ఇటుక రంగు ఒళ్లు, ముందుకాళ్లకి నల్ల మేజోళ్లు తొడిగినట్టు, తోక చివర తెల్లటి కుచ్చు. మన గుంటనక్క తోక చివర నల్లగా ఉంటుంది. మమ్మల్ని చూసి కూడా పరిగెత్తలేదు. గూటివైపే కాసేపు చూసి, తీరిగ్గా పొదల్లోకి దిగిపోయింది. ఆవిడ టార్చితో కంచె చుట్టూ ఒకసారి తిరిగి, చేత్తో గడియ వేశాకే మాకు భోజనం. అప్పటికి పది దాటింది.

మర్నాడు పొద్దున పక్క పొలంవాళ్లు రమ్మన్నారు. గూటి నిండా చచ్చిన కోళ్లు. ఒక్కదాన్నీ తిన్నట్టు లేదు, మెడ మీద మాత్రం కాట్లు. ఇది ఫుయిన్ అనే జంతువు పని అన్నారు మేమున్న ఇంటాయన. పొడవాటి ఒళ్లు, గొంతు కింద తెల్లటి మచ్చ, ఎత్తులో పిల్లికంటే చిన్నది. అటకల మీద కాపురం, చిన్న కంత చాలు దూరిపోతుంది. బయటైతే ఒకదాన్ని పట్టుకోగానే మిగతావి పారిపోతాయి. గూటిలో పారిపోయే దారి లేదు, కళ్లముందు కదులుతూనే ఉంటాయి. దాంతో దాని వేట ఆగదు.

తర్వాత ఆయన ఒక పాత డబ్బాలోంచి రెండు ఈకలు తీసి నా చేతిలో పెట్టారు. ఒకదాని కాడ మధ్యలో కొరికి తెగింది, అది నక్క. రెండోది మొదలంటా పీకింది, కాడ మీద ముక్కు నొక్కిన చిన్న గాటు. అది డేగ. పట్టపగలు, చెట్ల వరస చాటు నుంచి వస్తుందట. పచ్చిక మీద ఈ తెల్లకోళ్లు ఎంత దూరానికైనా కనిపిస్తాయి మరి. నక్కని వేటాడనిస్తారు గానీ, డేగని ముట్టుకోకూడదు. 1972 నుంచి వేటపక్షులన్నిటికీ అక్కడ చట్టం అండ ఉంది. ఆయన దాని మీద కోపంగా ఏమీ లేరు. కోళ్లు దాక్కునే నీడకి మరిన్ని మొక్కలు నాటానని చూపించారు.

మా అమ్మమ్మ బావురుపిల్లి భయానికి కోళ్లని గంప కింద మూసి పైన రాయి పెట్టేది. దానికోసం ఏ ఊళ్లోనూ రాత్రి నిద్ర చేసేది కాదు. ఇక్కడ ఈ దంపతులదీ అదే. కూతురు మార్సెయ్‌లో ఉంది. చూడ్డానికి ఒకరు వెళితే ఒకరు ఇంట్లో ఉండాల్సిందే. ముప్పై యూరోలు నాకు ఇప్పటికీ ఎక్కువే, కానీ ఆ సాయంత్రాలకి ధర కట్టమంటే నేనింకా ఎక్కువే అడుగుతాను.

‘వచ్చే ఏడాది మేమొచ్చి తలుపు వేస్తాం, మీరిద్దరూ కలిసి వెళ్లి రండి’ అన్నాను. ఆవిడ దాన్ని మర్యాదమాటగా తీసుకోలేదు. ఆ సాయంత్రమే టార్చి నా చేతికిచ్చి, కంచె ఏ మూల నుంచి చూసుకుంటూ రావాలో చూపించడం మొదలుపెట్టారు.