మంచులో వెనక్కి తిరిగిన విమానం

పిన్నీ బాబాయీ ఎక్కిన పొద్దుటి విమానం మధురపూడి (రాజమండ్రి విమానాశ్రయం) దాకా వచ్చి, దిగకుండానే తిరిగి హైదరాబాద్ వెళ్లిపోయింది. వాళ్లు మధ్యాహ్నం విమానానికి వచ్చారు. మా భోజనాలు బాగా ఆలస్యమయ్యాయి. జరిగింది అంతే. కానీ ఈలోగా మా అరుగు మీద పడిన మాట ఒకటి నన్ను కుదురుగా ఉండనివ్వలేదు. "అంత దగ్గరికొచ్చి దింపలేదంటే ఆ పైలట్‌కి చేతకాలేదన్నమాటే కదండీ" అన్నారు పక్కింటి పెద్దాయన. నాన్న కాదనలేదు. ఇంట్లో పైలట్ చదువు చదువుతున్న పిల్ల ఉండి కూడా ఆ మాట అలా ఉండిపోకూడదనిపించి ఇది రాసుకుంటున్నాను.

నిన్న రాత్రి ఆకాశంలో మబ్బు తునక లేదు, ఆకు కదల్లేదు. కాలవల నిండా నీళ్లు, దాళ్వా నారుమళ్ల నిండా నీళ్లు. ఇలాంటి రాత్రి నేల తన వేడిని పైకి వదిలేసి చల్లబడిపోతుంది. దాన్ని ఆనుకుని ఉన్న తేమగాలి కూడా చల్లబడి పొగమంచవుతుంది. పైలట్లు చూసుకునే వాతావరణ రిపోర్టులో ఉష్ణోగ్రత, డ్యూ పాయింట్ (ఎంత చల్లబడితే గాలిలోని తేమ నీటిబొట్లుగా మారుతుందో ఆ ఉష్ణోగ్రత) పక్కపక్కనే ఉంటాయి. ఆ రెండు అంకెలూ దగ్గరపడుతున్నాయంటే మంచుకు సిద్ధపడాల్సిందే. ఎండ రాగానే విడిపోతుందిలే అనుకుంటాం గానీ, తొలి ఎండకు నేల మీది గాలి కాస్త కదిలి మంచు ఇంకా చిక్కబడడం కూడా ఉంది. ఇవాళ అదే అయింది. ఏడింటికి కనబడుతున్న కొబ్బరిచెట్ల వరస ఏడున్నరకు మాయమైపోయింది.

గోదావరి దాటించే పంటు (పెద్ద పడవ) కూడా ముక్తేశ్వరం రేవులో కట్టేశారు. "కోటిపల్లి గట్టు అవుపడితే గానీ తీయనండి" అంటాడు సరంగు. ఆయనకు చేతకాదని ఇంతవరకూ ఎవరూ అనగా నేను వినలేదు. పైలట్‌దీ అదే లెక్క. కాకపోతే రేవులో కూర్చుని ఎదురుచూసే వీలు పైలట్‌కు లేదు. గాలిలో ఉండగానే, నిమిషానికి వందల అడుగులు దిగుతూ ఉండగానే తేల్చుకోవాలి. అందుకే ఎక్కడ, ఏం చూసి తేల్చుకోవాలో ముందే కాగితం మీద పెట్టేశారు.

ఈ చదువులో నాకు అన్నిటికంటే నచ్చింది ఇదే. నేల మీద ప్రశాంతంగా కూర్చున్నప్పుడు గీసుకున్న గీతతో, మంచులో టెన్షన్‌గా ఉన్నప్పుడు బేరమాడకూడదు.

బాబాయి చెప్పినదాన్ని బట్టి అప్రోచ్, అంటే రన్‌వే వైపు దిగుతూ రావడం, చివరిదాకా సాగింది. "చక్రాలు దిగిన చప్పుడు కూడా విన్నామమ్మా. కిటికీలో అంతా తెలుపే. ఇంతలో ముక్కు పైకెత్తేశాడు, ఇంజన్లు హోరెత్తిపోయాయి. ఏదో అయిపోయిందనుకున్నాం." ఎలా దిగాలో గీసి ఉండే అప్రోచ్ చార్టు ప్రింటు ఒకటి తెచ్చి ఆయన ముందు పెట్టాను. విమానాశ్రయం ఎత్తు కంటే 1000 అడుగుల పైన ఉండగా మొదటి గేటు. అక్కడికి వచ్చేలోపు టవర్ చెప్పిన విజిబిలిటీ కనీస పరిమితి కంటే తక్కువుంటే ఇక కిందికి రానే కూడదు. వీళ్లు ఆ గేటు దాటారంటే అప్పటికి అంకె సరిపోయే ఉంటుంది. రెండో గేటు డెసిషన్ ఆల్టిట్యూడ్, అంటే దిగాలా వద్దా తేల్చుకోవాల్సిన ఎత్తు. కేటగిరీ-1 ఐఎల్ఎస్ (రన్‌వే దగ్గరి యాంటెనాల రేడియో సంకేతాలతో దారి చూపే వ్యవస్థ) అయితే అది రన్‌వే కంటే 200 అడుగుల లోపు ఉండదు, రన్‌వే మీద కనీసం 550 మీటర్లు కనబడాలి. అంత కచ్చితత్వం లేని అప్రోచ్ అయితే ఆ ఎత్తు ఇంకా పైనే ఉంటుంది. అక్కడికి రాగానే కాక్‌పిట్‌లో "మినిమమ్స్" అన్న మాట వినపడుతుంది. అప్రోచ్ లైట్లో, రన్‌వే అంచో, దాని గుర్తులో కనబడ్డాయా, దిగొచ్చు. లేదా, గో-అరౌండ్, అంటే దిగడం మాని మళ్లీ పైకి లేవడం. "ఇంకొంచెం దిగి చూద్దాం" అనే మూడో దారి అందులో లేదు.

"200 అడుగులంటే తాడిచెట్లు రెండు మూడు. ఇంకో పది అడుగులు దిగితే ఏం పోయింది?" అన్నాడు బాబాయి. ఏటీఆర్ లాంటి చిన్న ప్రొపెల్లర్ విమానం ఆ దశలో నిమిషానికి సుమారు 600 అడుగులు దిగుతుంది. 200 అడుగులంటే నేలకు ఇరవై సెకన్లు. ఆ ఇరవై సెకన్లలోనే రన్‌వేను పట్టుకోవాలి, పక్కగాలి తోసిన తోపు సరిచేసుకోవాలి, వేగం తగ్గించి చక్రాలు ఆనించాలి. పది అడుగులకు ఒప్పుకున్నవాడు ఇంకో పదికీ ఒప్పుకుంటాడు. లెక్క చెప్పాక బాబాయి కాసేపు మాట్లాడలేదు.

తర్వాత ఇంకోటి అడిగాడు, మంచి ప్రశ్నే. "ఢిల్లీలో 50 మీటర్లు కనబడినా దింపుతున్నారుగా?" నిజమే, అది కేటగిరీ-3బి. కానీ దానికి నేల మీద ఆ స్థాయి పరికరాలూ రన్‌వే లైట్లూ ఉండాలి, విమానం తనంతట తాను దిగగలిగేదై ఉండాలి, పైలట్లిద్దరూ దానికి శిక్షణ పొంది ఉండాలి. వీటిలో ఏ ఒక్కటి లేకపోయినా ఆ 50 మీటర్లు చెల్లవు. చిన్న విమానాశ్రయాల విషయంలో నాకు గగన్ మీద ఆశ ఉంది. ఇస్రో, ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ కలిసి తయారుచేసిన ఉపగ్రహ వ్యవస్థ అది. 2022 ఏప్రిల్‌లో రాజస్థాన్‌లోని కిషన్‌గఢ్‌లో దాని సాయంతో ఒక ఏటీఆర్‌ను దింపారు. ప్రతి రన్‌వే దగ్గరా ఐఎల్ఎస్ యాంటెనాలు పెట్టక్కర్లేదు కాబట్టి మనలాంటి ఊళ్లకు అది బాగా పనికొచ్చే పని.

అసలు మంచులో కళ్లను పక్కనపెట్టి పరికరాలను నమ్మడం ఎంత కష్టమో హుడ్ కింద తెలిసింది. బయటిది కనబడకుండా నుదుటి మీద నుంచి ఒక అడ్డు పెడతారు. ఇన్‌స్ట్రక్టర్ విమానాన్ని చాలా మెల్లగా ఎడమకు వాలుస్తారు. అంత మెల్లగా వాలితే లోపలి చెవికి తెలియదు. విమానం ఎటు వాలిందో చూపే ఆటిట్యూడ్ ఇండికేటర్ చూసి సరిచేస్తానా, రెక్కలు సమంగా ఉన్నట్టు అది చూపిస్తుంటే, ఒళ్లు మాత్రం కుడికి పడిపోతున్నానని గట్టిగా చెబుతుంది. మెడ దానంతటదే ఎడమకు వంగిపోతుంది. అప్పుడు ఒంటి మాట వినకుండా ఆ చిన్న అద్దంలోని గీతనే నమ్మాలి. 1954లో ఇల్లినాయిస్ విశ్వవిద్యాలయం వాళ్లు ఈ శిక్షణ లేని 20 మంది పైలట్లను ఇలా బయటిది కనబడని స్థితిలో పెట్టి చూశారు. ఇరవై మందీ అదుపు తప్పారు. సగటున 178 సెకన్లు. మూడు నిమిషాలు కూడా కాదు.

ఆల్టీమీటర్ సంగతి నానమ్మకే బాగా ఎక్కింది. అది ఎత్తును నేరుగా కొలవదు, గాలి పీడనాన్ని కొలిచి అడుగుల్లో చూపిస్తుంది. అందుకే దిగబోయే చోట పీడనం ఎంతో కంట్రోలర్ చెబుతారు, పైలట్ ఆ అంకెను తిరిగి అప్పజెప్పాలి. అసలు పీడనం 1003 హెక్టాపాస్కల్స్ ఉంటే 1013 పెట్టుకున్నామనుకో, విమానం మనమనుకున్న ఎత్తు కంటే సుమారు 280 అడుగులు కింద ఉంటుంది. డెసిషన్ ఎత్తే 200 అడుగులైనప్పుడు అదెంత తేడానో! తుఫాను రోజుల్లో మన తీరంలో పీడనం ఎలా పడిపోతుందో నానమ్మకు రేడియో వార్తల నుంచి తెలుసు. "అయితే వాళ్లు చెప్పింది తిరిగి చెప్పడం మంచిదేనే" అంది.

పెట్రోలు అయిపోతే ఏం చేసేవాడని నాన్న అడిగారు. బయల్దేరేటప్పుడే గమ్యానికి, అక్కడ దిగలేకపోతే వెళ్లాల్సిన ప్రత్యామ్నాయ విమానాశ్రయానికి, అది కాక ఆ విమానాశ్రయం పైన 1500 అడుగుల ఎత్తులో ఇంకో 30 నిమిషాలు తిరగడానికి సరిపడా పోసుకుంటారు. చివరి 30 నిమిషాలదీ ముట్టుకోకుండా దిగడమే పద్ధతి. దాన్ని ముట్టుకోవాల్సి వస్తుందని లెక్క తేలితే మేడే ఫ్యూయల్ (ఇంధనం తక్కువైందన్న ప్రమాద సంకేతం) అని ప్రకటించాల్సిందే. అంటే ఇవాళ్టి పైలట్ వెనక్కి వెళ్లడానికి కావాల్సింది అప్పటికప్పుడు కాదు, హైదరాబాద్‌లో చక్రాలు కదలకముందే సిద్ధం చేసుకున్నాడు.

పిన్ని బాధ వేరు. ముక్కు పైకెత్తాక చాలాసేపు ఎవరూ ఏమీ చెప్పలేదట. పక్క సీటావిడ ఏడ్చేసిందట. ఆ భయం ఉత్తది కాదు. కానీ ఆ నిమిషాల్లో ముందు పవర్ పెంచాలి, రెక్కల వెనక దించి ఉన్న ఫ్లాపులు, చక్రాలు ఎత్తాలి, దిగలేకపోతే వెళ్లాలని చార్టులో గీసిన మిస్డ్ అప్రోచ్ దారి పట్టాలి, కంట్రోలర్‌కు చెప్పాలి. ప్రయాణికుల వంతు ఆ తర్వాతే. ఆ వరసే సరైనదని నేను గట్టిగానే చెప్పాను. అయినా, కాస్త తీరుబడి దొరకగానే "మంచు వల్ల రన్‌వే కనబడలేదు, పద్ధతి ప్రకారమే పైకి వచ్చాం" అని తెలుగులో ఒక్క ముక్క చెబితే ఆవిడ ఏడుపు ఆగేదని పిన్ని అంది. దానికి నా దగ్గర ఎదురు మాట లేదు. చెప్పాల్సిందే.

బాబాయి చార్టు ప్రింటు మడిచి జేబులో పెట్టుకున్నాడు, పక్కింటి పెద్దాయనకు తనే చూపిస్తాడట. నాకింకా రేడియో పాడైతే పాటించాల్సిన పద్ధతుల చాప్టర్ మిగిలే ఉంది.