అర పెట్టె యాడ పెట్టేది?

మా అమ్మకి నా ఉద్యోగం గురించి వివరంగా చెప్పడం మానేసి చాలా ఏళ్లయింది. 2019 దసరాకి ఫోన్లో మాత్రం నోరు జారాను. "ఆఫీసులో పాత భాష తీసేసి కొత్తది పెడుతున్నాం అమ్మా, ఆదివారాలు కూడా పనే" అన్నాను. "అయితే కన్నడం నేర్చుకోమన్నారా?" అంది. తాడేపల్లిగూడెం నుంచి చూస్తే బెంగళూరులో మార్చుకోవాల్సిన భాష ఇంకేముంటుంది మరి!

మేం మారుస్తున్నది పైథాన్, కంప్యూటర్‌కి ప్రోగ్రాములు రాసే భాష. పేరు అదే, రెండో వెర్షన్ నుంచి మూడోదానికి. ఆ మూడోది 2008 డిసెంబరులోనే వచ్చింది. పాతది నడుస్తోంది కదా అని పదకొండేళ్లు దాని మొహం కూడా చూడలేదు. పాతవాటిలో చివరిదైన 2.7కి మొదట 2015 వరకే గడువు పెట్టారు. లోకంలో చాలామంది మాలాగే కదలకపోయేసరికి దాన్ని 2020 జనవరి 1కి జరిపారు. ఆ తేదీ దాటినంత మాత్రాన ప్రోగ్రాములేం ఆగిపోవు. లోపం బయటపడితే దిద్దేవాళ్లు ఉండరు, అంతే. ఆ "అంతే" విన్నాకే మా పైవాళ్లకి టెన్షన్ మొదలైంది.

మా కంపెనీ పని సామాన్లు ఇళ్లకి చేరవేయడం. పెట్టెల లెక్క, బిల్లు, మీద అంటించే లేబుల్, మూడూ ఎప్పుడో 2012లో రాసిన కోడ్ మీదే నడుస్తున్నాయి. రాసినవాళ్లలో ఒక్కరూ మిగల్లేదు. మిగిలింది నేను, నెల్లూరు అన్న ఒకాయన, మైసూరు అబ్బాయి ఒకడు. మారతహళ్లిలో ఆంధ్రా మెస్‌లో పప్పులో గోంగూర కలుపుకుంటూ పని పంచుకున్నాం. లేబుళ్లు నా వాటాకి వచ్చాయి.

"అరిచే తప్పులతో భయం లేదమ్మా, నోరెత్తనివే కొంప ముంచుతాయి" అన్నాడు అన్న ఆ రోజే.

అరిచేవి నిజంగానే తేలిక. తెర మీద చూపించమని చెప్పే ప్రింట్ పక్కన బ్రాకెట్లు లేకపోతే కొత్త పైథాన్ ఆ ఫైలు చదవనని మొండికేస్తుంది. అలాంటివి దిద్దడానికి టూ-టు-త్రీ అనే పనిముట్టు పైథాన్‌తోపాటే వచ్చేది. దాంతో ఒక్క మధ్యాహ్నంలో చాలా ఫైళ్లు దాటేశాం. ఆ సాయంత్రం మేం ముగ్గురం చాలా గొప్పవాళ్లం.

డిసెంబరు రెండో శనివారం రాత్రి హోస్కోటలో ఒక్క గోడౌన్‌కి మాత్రం కొత్తది పెట్టి చూశాం. తెల్లారి అయిదున్నరకి అక్కడి నుంచి ఫోన్. చేసింది లోడింగ్ చూసే పెద్దాయన, అనంతపురం మనిషి.

"మేడం, మూడున్నర పెట్టెలని వచ్చిండాది. అర పెట్టె యాడ పెట్టేది?"

నిద్రమత్తులో నాకు నవ్వొచ్చింది, తర్వాత చెమట పట్టింది. ఏడుని రెండుతో భాగించమంటే పాత పైథాన్ మూడు అని ఊరుకునేది, మిగిలింది పారేసేది. కొత్తది నిజాయితీగా మూడున్నర అంటుంది. పాత తీరే కావాలంటే భాగహారానికి ఒక గీత బదులు రెండు గీతలు గీయాలి. ఎక్కడా ఎర్రటి అక్షరాల్లేవు, ఏ ప్రోగ్రామూ ఆగలేదు. ఆయన అడక్కపోతే మాకు ఎన్నాళ్లకి తెలిసేదో.

బిల్లుల్లో సగాలని దగ్గరి అంకెకి మార్చే రౌండ్‌ది ఇంకో గోల. పాతదాంట్లో రెండున్నర మూడయ్యేది. కొత్తదాంట్లో రెండే అవుతుంది, మూడున్నర మాత్రం నాలుగవుతుంది. సగం దగ్గర ఎప్పుడూ సరిసంఖ్య వైపే మొగ్గుతుంది. ఎప్పుడూ పైకే తోస్తూ పోతే మొత్తం ఉబ్బిపోతుందని అలా పెట్టారు. ఇది అకౌంట్స్ వాళ్లకి ఒప్పజెప్పడానికి అన్నకి రెండు రోజులు పట్టింది. నేను ఆ మీటింగుకి వెళ్లలేదు, బతికిపోయాను.

నా లేబుళ్ల సంగతి అదే ఆదివారం మధ్యాహ్నం బయటపడింది. ఇంగ్లీషు లేబుళ్లు బాగానే ఉన్నాయి. తెలుగు, కన్నడ అడ్రసులు మాత్రం గీత దాటి బార్‌కోడ్ మీదికి పాకాయి. స్కానర్ చదవనంది. కోడ్ తెరిస్తే ఒక లైనుంది: ఇంగ్లీషయితే 24 దగ్గర ఆపు, లేకపోతే 72 దగ్గర. పక్కన "ఇది ముట్టుకోవద్దు" అని ఇంగ్లీషులో కామెంట్, అంటే కంప్యూటర్ పట్టించుకోని, మనుషుల కోసం రాసే మాట. ఎందుకో లేదు.

ఎటూ తోచక పాత పైథాన్‌లో "తెలుగు" అని కొట్టి ఎంత పొడవో అడిగాను. 18 అంది. కొత్తదాన్ని అడిగాను. 6 అంది. నా కంటికి కనిపిస్తున్నవి మూడు.

పాతది బైట్లు, అంటే కంప్యూటర్ అక్షరాల్ని దాచుకునే చిన్న ముక్కలు, లెక్కపెడుతోంది. అలా దాచే పద్ధతుల్లో ఒకటైన యూటీఎఫ్-8లో మన అక్షరాల్లో ఒక్కో గుర్తుకి మూడు బైట్లు. కొత్తది గుర్తులు లెక్కపెడుతుంది: త, ఎత్వం, ల, కొమ్ము, గ, కొమ్ము. ఇక 72 ఎక్కడిదో ఊహించవచ్చు. మొదట్లో అందరికీ 24 అనే రాసి ఉంటారు. 24 బైట్లంటే మనకి ఎనిమిది గుర్తులే. వెంకటలక్ష్మి అని మా అమ్మ పేరు పెట్టి చూశాను, "వెంకటలక్" దగ్గర తెగిపోయింది. ఎవరో గొడవపెట్టి ఉంటారు, ఇంకెవరో మూడింతలు చేసి చేతులు దులుపుకున్నారు. ఇప్పుడు కొత్త పైథాన్ 72 గుర్తులూ వదిలేస్తోంది.

మళ్లీ 24 చేస్తే చాలదా అంటే చాలదు. 24వ గుర్తు "క్ష్మి" నడుమ పడిందంటే అక్షరం నడ్డి విరుగుతుంది. ఆ రాత్రి అమ్మకి ఫోన్ చేసి నీ పేరులో ఎన్ని అక్షరాలమ్మా అని అడిగాను. "వెం, క, ట, ల, క్ష్మి. అయిదు. ఎందుకే, ఎవరికైనా జాతకం చూపిస్తున్నావా?" అంది. కొత్త పైథాన్‌కి అవే పన్నెండు. అందుకని 24 దగ్గరే కొయ్యి, కోత అక్షరం మధ్యలో పడితే ఆ అక్షరం మొదలు దాకా వెనక్కి జరుగు అని రాశాను. రాయడానికి మూడు రోజులు, ఒత్తులన్నిటితో పరీక్షించడానికి వారం.

సంక్రాంతికి 120 రోజుల ముందే శేషాద్రి ఎక్స్‌ప్రెస్‌లో టికెట్ తీసుకున్నాను. అన్ని గోడౌన్లకీ కొత్తది పెట్టేది జనవరి 11న అని తేలాక దాన్ని రద్దు చేసుకున్నాను. చివరికి బస్సుకి రెట్టింపు పోసి భోగి నాటికి ఇల్లు చేరాను.

వెళ్లే ముందు చేసిన ఆఖరి పని, ఆ "ముట్టుకోవద్దు" తీసేయడం. పాతదాంట్లో అయితే ముందే ఎన్‌కోడింగ్, అంటే అక్షరాల్ని ఏ పద్ధతిలో దాచామో, చెప్పకుండా కామెంట్లో తెలుగు ముక్క రాసినా ఒప్పుకునేది కాదు. కొత్తది ఏమీ అనదు. అందుకని తెలుగులోనే రాశాను: "ఇవి బైట్లు కావు. మార్చేముందు హోస్కోటకి ఫోన్ చేయండి."

దాన్ని సరిచూడాల్సింది మైసూరు అబ్బాయి. లోకంలోని లిపుల గుర్తులకి నంబర్లిచ్చే పట్టిక యూనికోడ్‌లో తెలుగుకి 128 గళ్లు, ఆ గోడ పక్కనే 128 గళ్లలో కన్నడం కాపురం. వాడు స్క్రీన్‌కి మొహం ఆనించి, వేలు పెట్టుకుని కూడబలుక్కుంటూ "హోస్కోట" దాకా చదివేశాడు. "తలకట్టే కదక్కా తేడా" అన్నాడు.

టీం లీడ్‌ది ఢిల్లీ. ఇంగ్లీషులో పెట్టమన్నాడు. కింద ఇంకో లైను ఇంగ్లీషులో రాశాను. పైది అలాగే ఉంది.