చాసిస్ పోయిందన్నారు, పోయింది కింది టీ

ప్రమాదంలో దెబ్బతింటే నేనే బాగుచేసుకున్న నా బైకు నిన్న మధ్యాహ్నం తనిఖీలో పాసైంది. అధికారి ముందు చక్రం పైకి లేపించి, హ్యాండిల్‌ని ఈ చివర నుంచి ఆ చివరకు రెండుసార్లు తిప్పాడు. ముందు చక్రాన్ని రెండు పక్కలా పట్టుకునే ఫోర్క్‌ని ముందుకీ వెనక్కీ లాగి చూశాడు. బ్రేకులు చూశాడు, చాసిస్ నంబరు కాగితంలో ఉన్నదానితో అక్షరం అక్షరం సరిచూసుకున్నాడు, సంతకం పెట్టాడు. అంతా కలిపి పావుగంట. ఆ పావుగంట కోసం నేను ఏడు నెలలు కష్టపడ్డాను. అందులో మూడు నెలలు 'కింది టీ' అనే ఒక్క ఇనుప ముక్క దగ్గరే గడిచిపోయాయి. అన్నీ గుర్తుండగానే రాసేస్తున్నాను.

ముందు వెళ్తున్న కారు ఉన్నట్టుండి ఆగడంతో నా ముందు చక్రం దాని బంపర్‌కి గుద్దుకుంది. ఆ దెబ్బకి బండి ఎడమ పక్కకి పడి కొంత దూరం ఈడ్చుకుపోయింది. మోచెయ్యి దోక్కుపోవడం తప్ప నాకేమీ కాలేదు. బండికి మాత్రం ఫోర్క్ పైపులు రెండూ వెనక్కి వంగాయి, ముందు రిమ్ సొట్టపోయింది, హెడ్‌లైటు, మీటరు, క్లచ్ లివర్, గేర్ లివర్, ఎడమ ఫుట్‌రెస్ట్ విరిగిపోయాయి, ట్యాంకు ఎడమ చెంప లోపలికి పోయింది. ఇంజన్‌కి గీతలే, పగుళ్లు లేవు.

ఇన్సూరెన్స్ తరఫున వచ్చిన సర్వేయర్ పది నిమిషాలు ఫోటోలు తీసుకుని టోటల్ లాస్ అని రాసుకుపోయాడు. ఆ మాట వినగానే చాలామంది బండి చచ్చిపోయిందనుకుంటారు. నేనూ ఆ రోజు రాత్రి నిద్రపోలేదు. నిజానికి అది బండి గురించి చెప్పే మాట కాదు, లెక్క గురించి చెప్పే మాట. కొత్త పార్టులు, లేబర్ కలిపితే బండి మార్కెట్ విలువకు దగ్గరగానో, దాన్ని మించో వస్తోందని దాని అర్థం. ట్యాంకు, మీటరు, ఫోర్క్ సెట్ మూడూ కంపెనీవి కొత్తవి వేస్తే పాత బండి చాలాసార్లు ఆ లెక్కలో పోతుంది. అవే పాతవి దొరికితే లెక్క తిరగబడుతుంది. నేను బండిని నా దగ్గరే ఉంచుకుని, తుక్కు విలువ మినహాయించి ఇచ్చిన డబ్బు తీసుకున్నాను. అందులో సగం దాటకుండా బండి రోడ్డెక్కించాలని ఒక నోట్‌బుక్ పెట్టుకున్నాను. దాటలేదు. ఈ మాట గర్వంగానే చెబుతున్నాను.

పార్టులు కొనేముందు చేయాల్సిన పని ఒకటుంది. అలా రాసేసిన బండిని మళ్ళీ రోడ్డు మీద తిప్పనిస్తారా లేదా అన్నది రిజిస్ట్రేషన్ చూసే ఆఫీసులో అడగాలి. కొన్ని చోట్ల కొన్ని రకాల నష్టం రాసిన బండ్లను పార్టులుగా విడగొట్టుకోవచ్చు గానీ తిరిగి నడపడానికి వీల్లేదు. నన్ను ఒక కౌంటర్ నుంచి ఇంకో కౌంటర్‌కి రెండు రోజులు తిప్పారు. నోటి మాట నమ్మకండి, కాగితం మీద రాయించుకోండి. మొదటి రోజు 'ఏం పర్లేదు, చేయించుకో' అన్న మనిషే రెండో రోజు 'అలా ఎవరు చెప్పారు?' అని నన్నే అడిగాడు.

చిన్న పార్టులన్నీ రెండు వారాల్లో దొరికాయి. లివర్లు, ఫుట్‌రెస్ట్, హెడ్‌లైటు, మీటరు పాత స్పేర్ల కొట్టులో తీసుకున్నాను. ట్యాంకు మార్చలేదు, సొట్ట అలాగే ఉంది. రిమ్ పాతదే కొన్నాను గానీ, ఇరుసుకి ఎక్కించి తిప్పి, పక్కన ఒక పుల్ల ఆనించి ఊగుడు చూశాకే డబ్బులిచ్చాను. మా బండి సర్వీస్ మాన్యువల్‌లో పక్కకైనా, పైకీ కిందికీ అయినా 2 మి.మీ. వరకే ఒప్పుకుంటారు. టైరు, బ్రేక్ ప్యాడ్లు, బ్రేక్ హోస్, బేరింగులు, ఆయిల్ సీళ్ళు మాత్రం కొత్తవే వేశాను. వీటిలో ఎవరు ఎంత చవగ్గా ఇస్తామన్నా పాతవి తీసుకోకండి. పాత టైరు అంటగట్టబోయిన ఒకతను 'కొత్తదే అన్నా, గీత కూడా అరగలేదు' అన్నాడు. టైరు పక్కన నాలుగంకెల ముద్ర ఉంటుంది, మొదటి రెండు వారం, చివరి రెండు సంవత్సరం. దాని మీద 1114 అని ఉంది. అంటే 2014లో 11వ వారం. రబ్బరు గోరుతో గీస్తే గీత పడటం లేదు, అంత గట్టిపడిపోయింది.

కరెంటు పని గురించి భయపడ్డాను గానీ ఒక్క పూటలో అయిపోయింది. హెడ్‌లైటు వెనక తెగిన వైర్లు రంగు చూసి కలిపాను. బండి స్టార్ట్ చేసి, కాస్త రేజ్ చేసి బ్యాటరీకి వోల్ట్‌మీటర్ పెడితే 14.2 వోల్టులు చూపించింది. 15 దాటితే ఛార్జింగ్‌ని అదుపులో ఉంచే రెగ్యులేటర్ పోయినట్టు, 13 దగ్గరే ఆగిపోతే ఛార్జింగ్ అందనట్టు.

ఇక ఫోర్క్ సంగతి. దాని రెండు పైపుల్నీ కలిపి పట్టుకునే అడ్డ ముక్కలు రెండుంటాయి. పైది పై టీ, కిందిది కింది టీ.

నా పైపులు కింది టీకి సరిగ్గా కింద, వేలు పెడితే తెలిసేంత మడత పడి వంగాయి. ప్రెస్‌లో పెట్టించి బెండు తీయించుకోమని ముగ్గురు చెప్పారు. కొద్దిపాటి వంపు తీయించుకున్నవాళ్ళు ఉన్నారు, కాదనను. మడత పడ్డ పైపుని మాత్రం నిలబెట్టకూడదు. అక్కడ ఇనుము అప్పటికే సొమ్మసిల్లి ఉంటుంది, క్రోమ్ పగిలితే ఫోర్క్‌లోని ఆయిల్‌ని ఆపే సీలు కూడా నిలవదు. అందుకని అదే మోడల్ బండివి 41 మి.మీ. పైపులు, అవి జారే కింది గొట్టాలతో సహా ఒక కొట్టులో కొన్నాను. కొనేముందు పైపుల్ని మందపాటి గాజు మీద దొర్లించి, కింద వెలుగు కనిపిస్తుందేమో చూశాను. మాన్యువల్‌లో హద్దు 0.2 మి.మీ. పైపులు చక్కగా దొర్లాయి. సంతోషంగా ఇంటికి తెచ్చుకున్నాను.

కింది టీ మాత్రం కొనలేదు. కొట్టువాడు దానికి విడిగా డబ్బు అడిగాడు. పైగా చాసిస్ మెడలోకి దూరే దాని కాండం అడుగున, హ్యాండిల్ తిరగడానికి వేసే కోన్ బేరింగ్ గట్టిగా దిగి ఉంటుంది, తీయడం కష్టమని బద్ధకించాను. నాది చూడ్డానికి బాగానే ఉంది, పెయింటు కూడా లేవలేదు. పైపు మడత పడేంత బలం తగిలితే, దాన్ని పిడికిట్లో పట్టుకున్న టీ మాత్రం చెక్కు చెదరకుండా ఎలా ఉంటుంది? ఈ ప్రశ్న నాకు ఆ రోజు తట్టలేదు.

బిగించేటప్పుడే అది నాకు చెప్పింది, నేను వినలేదు. ఎడమ పైపు కింది టీలోంచి పై టీలోకి వెన్నలా దూరిపోయింది. కుడి పైపు కింది టీ దాటాక పై రంధ్రం అంచుకి తగిలి ఆగింది. స్క్రూడ్రైవర్‌తో పై టీ క్లాంపు కాస్త వెడల్పు చేసి, పైపుని మెలితిప్పుతూ తోస్తే లోపలికి పోయింది. పాత బండి కదా, ఆమాత్రం బిగువు ఉంటుందిలే అనుకున్నాను.

ఖాళీ మైదానంలో నడిపి చూస్తే బండి ఎడమకి లాగింది. తిన్నగా పోవాలంటే హ్యాండిల్ కొద్దిగా కుడికి పట్టుకోవాలి. గంటకు 40 కిలోమీటర్లకే చేతులు నొప్పెట్టాయి. ఎన్నో ఏళ్ళ అనుభవం ఉందని పేరున్న ఒక వర్క్‌షాపుకి తీసుకెళ్ళాను. ఓనర్ బండి మీద ఎక్కలేదు, కొలత తీయలేదు, కనీసం స్టాండ్ మీద నిలబెట్టలేదు. దూరం నుంచి ఒక కన్ను మూసి చూశాడు. "చాసిస్ పోయింది బాబూ. ఎవరు బిగించారు ఇది?" అన్నాడు. నేనే అన్నాను. అక్కడ పనికోసం ఎదురుచూస్తున్న పదిమందీ వినేలా, "చూశారా, నాలుగు వీడియోలు చూసి పానా పట్టుకుంటే ఇలాగే ఉంటుంది. తుక్కుకి వేసేయ్, నీకూ క్షేమం, రోడ్డు మీద జనానికీ క్షేమం" అన్నాడు. అందరూ నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది. బండి స్టార్ట్ చేయడానికి కూడా మనసు రాక ఇంటిదాకా తోసుకొచ్చాను. మూడు వారాలు దాని మీద కప్పిన గుడ్డ తీయలేదు.

తప్పు చేసినవాడికి తప్పు చూపించడం పెద్దవాళ్ళ పని. తప్పు ఎక్కడుందో చూడకుండా మనిషిని చూపించడం పెద్దరికం కాదు. పని తెలిసిన ప్రతి ఒక్కరికీ ఇది చెప్పుకుంటున్నాను. నేర్చుకుందామని వచ్చినవాడి చేతిలో పానా లాక్కోకండి.

మళ్ళీ గుడ్డ తీసిన రోజు ఒక నిర్ణయం తీసుకున్నాను. కంటితో కాదు, కొలతతో చూడాలి. మొదట చాసిస్. మెడ కింద, గొట్టాలు అతుక్కునే చోట టార్చి వేసి చూశాను. చాసిస్ వంగితే అక్కడ పెయింటు ముడతలు పడుతుంది, సన్నగా పగులుతుంది. ఏమీ లేదు. తర్వాత దారం. వెనక టైరు చుట్టూ దారం వేసి, రెండు పక్కలా టైరుకి ఆనించి ముందు చక్రం దాకా లాగాను. మా వెనక టైరు 130, ముందుది 100, కాబట్టి ముందు టైరుకి రెండు పక్కలా 15 మి.మీ. చొప్పున సందు రావాలి. ఎడమ 18, కుడి 12 వచ్చింది. ఒక మాట, దీనికి ముందు వెనక చక్రం తిన్నగా ఉందో లేదో చూసుకోవాలి. చైన్ అడ్జస్టర్ మీది గీతల్ని నమ్మకండి. వెనక చక్రాన్ని పట్టుకునే స్వింగ్ ఆర్మ్ చాసిస్‌కి తగిలించిన చోటు (పివట్) నుంచి ఇరుసు మధ్యకి రెండు పక్కలా కొలవండి.

ముందు చక్రం తీసేసి, అలమరలోంచి గాజు అర ఒకటి ఊడదీశాను. ఎనిమిది మి.మీ. మందం, ఎక్కడా వంపు లేనిది. కింది టీ కింద కనిపించే రెండు క్రోమ్ పైపుల మీద, ముందు వైపు నుంచి ఆ గాజుని ఆనించాను. పైపులు రెండూ సమాంతరంగా ఉంటే గాజు వాటికి అతుక్కున్నట్టు ఉండాలి. కుడి పై మూల వేలితో నొక్కాను. టిక్. ఎడమ పై మూల నొక్కాను. టిక్. ఒక కాలు పొట్టిదైన బల్లలా ఊగింది. ఆ చప్పుడు కోసం అరగంటసేపు మళ్ళీ మళ్ళీ నొక్కాను. అన్ని వారాల్లో నాకు దొరికిన మొదటి నిజం అది.

అయినా తప్పు పైపులదా, టీలదా? పైపుల్ని ఉన్నచోటే సగం చుట్టు తిప్పి బిగించాను. పైపు వంపైతే ఊగుడు మారాలి. మారలేదు. పై టీ పూర్తిగా తీసేసి, పైపుల్ని కింది టీ ఒక్కదానిలోనే బిగించాను. గాజు అలాగే ఊగింది. ఇక అనుమానం లేదు. మెలితిరిగింది కింది టీ.

ఇంకో టీ కోసం తిరిగినప్పుడు ఇంకో సంగతి తెలిసింది. కొట్లలో పడి ఉన్న బండ్లు, నేను చూసినంతలో, ఎక్కువగా ముందు నుంచి గుద్దుకున్నవే. అందుకే ముందు భాగం పార్టులు చవగ్గా దొరుకుతాయి, అవే వంగి ఉంటాయి. పార్టు ఎలా ఉందని అడగడం కంటే, 'ఈ బండికి దెబ్బ ఎక్కడ తగిలింది?' అని అడిగి, వీలైతే ఆ బండిని చూడండి. నాలుగో కొట్టులో వెనక నుంచి లారీ తొక్కిన బండి ఒకటి దొరికింది. ముందు చక్రం, ఫోర్క్ ముట్టుకోనట్టే ఉన్నాయి. వెంట తీసుకెళ్ళిన గాజుని అక్కడే దాని పైపుల మీద పెట్టి నాలుగు మూలలూ నొక్కాను. చప్పుడు లేదు. కొట్టువాడు నన్ను వింతగా చూశాడు. ఆ టీ కొన్నాను.

ఈసారి కోన్ బేరింగులు కొత్తవి వేశాను. చక్రం గాల్లో ఉన్నప్పుడు హ్యాండిల్ తన బరువుకి తానే రెండు పక్కలకూ వాలాలి, మధ్యలో ఎక్కడా గుంటలో పడ్డట్టు ఆగకూడదు. పైపులు రెండూ చేత్తో తోస్తే దూరాయి. ఇరుసు బిగించాక ముందు బ్రేకు పట్టుకుని ఫోర్క్‌ని ఐదారుసార్లు గట్టిగా కిందికి నొక్కి, అప్పుడు ఇరుసుని నొక్కిపట్టే పించ్ బోల్టు బిగించాను. దారం వేస్తే 15, 15. అదే మైదానంలో బండి గీత గీసినట్టు పోయింది.

తనిఖీకి ముందు రోజు ఆ వర్క్‌షాపు ముందు ఆగాను. కావాలనే ఆగాను. ఓనర్ నన్ను గుర్తుపట్టాడు.

"చాసిస్ ఎక్కడ దొరికింది?" అన్నాడు.

"అదే చాసిస్ అన్నా. కింది టీ మార్చాను."

వంగి మెడ మీది నంబరు చూశాడు, ఫోర్క్ వైపు చూశాడు. "గాజు పెట్టి చూశావా?" అన్నాడు.

అంటే అతనికి తెలుసు. తెలిసి కూడా ఆ రోజు రెండు నిమిషాలు ఖర్చు పెట్టలేదు. అవునన్నాను. ఇంకేమీ మాట్లాడకుండా బండి స్టార్ట్ చేసుకుని వచ్చేశాను.

నిన్న తనిఖీ నుంచి వచ్చేటప్పుడు అరవై కిలోమీటర్లు నడిపాను, చేతులు నొప్పెట్టలేదు. ఇంటికొచ్చి చూస్తే ఎడమ పైపు మీద, సీలు అంచున సన్నటి ఆయిల్ గీత కనిపించింది. ఆదివారం విప్పుతాను.