తలకట్టు ఎగిరిపోయిన రోజులు

పోయిన నెల బ్యాంకులో నా సెల్ఫ్ చెక్కు వెనక్కి ఇచ్చారు. సంతకం కలవలేదట. "ఇంకోసారి పెట్టండి సార్" అంది కౌంటర్లో అమ్మాయి. వెనకాల ఏడెనిమిది మంది. ఒక్కో గీతా చూసుకుంటూ పెట్టాను. మొదటిదాని కంటే అధ్వానం. నా పేరు నేనే దొంగసంతకం చేస్తున్నట్టుంది!

అక్కయ్యపాలెంలో ఇంటికొచ్చి అటక మీంచి పాత పద్దు పుస్తకాలన్నీ దించాను. ముందుగా హుద్‌హుద్ తుఫాను నాటి పేజీలు వెతికాను. 2014 అక్టోబర్ 12, ఆదివారం: ఖాళీ. మర్నాటి నుంచి కొవ్వొత్తులు, అగ్గిపెట్టెలు, మంచినీళ్ల క్యాన్లు. చెయ్యి వణికిపోయి ఉంటుందనుకున్నానా, ముత్యాల్లా ఉన్నాయి అక్షరాలు. "ఏటండీ, అంత గాలివానలో ఇంత బాగా రాసేరు?" అంది మా ఆవిడ. కరెంటు లేదు, ఫోన్ లేదు. కొవ్వొత్తి వెలుగులో నింపాదిగా రాసుకోక చేసే పనేముంది?

మా అమ్మాయి ఎంసెట్ రిజల్ట్ రోజు మాత్రం 'కూరగాయలు'లో ఒక్క తలకట్టూ లేదు. అమ్మ ఆసుపత్రిలో ఉన్న వారం మందుల లెక్కయితే కింది మూడు కాగితాల దాకా అచ్చు పడింది. కళ్లు మూసుకుని వేలితో తడిమినా తెలుస్తోంది.

టెన్షన్‌లో అడ్రినలిన్ పెరుగుతుంది, వేళ్లు పెన్నును బిగించేస్తాయి. ఎవరి చేతికైనా కంటికి ఆనని సన్నటి వణుకు ఉంటుంది, అది పెద్దదవుతుంది. మన అక్షరాలేమో అన్నీ గుండ్రాలు. సున్నా చుట్టేసరికి దొరికిపోతాం. తలకట్టుకి పెన్ను ఎత్తాలి కాబట్టి తొందరలో ముందు ఎగిరేది అదే. సంతకం చేతికి అలవాటైన పని, కళ్లు పెత్తనం చేస్తే తడబడుతుంది.

అలాగని రాత చూసి గుణం చెప్పేవాళ్లని నేను నమ్మను. ఒకే పేజీలో పొద్దున్న పాలలెక్క ఒకలా, రాత్రి చీటీ లెక్క ఇంకోలా ఉన్నాయి. గుణం పూటకోసారి మారుతుందా? రాత రానురానూ చిన్నదైపోతే మాత్రం మూడ్ అనుకుని ఊరుకోకండి. మా పెదనాన్నకి అలాగే మొదలైంది, తర్వాత పార్కిన్సన్స్ అన్నారు.

సోమవారం బ్యాంకు తలుపు తీయగానే వెళ్లాను. ఆ అమ్మాయిది సింహాచలమట. చందనోత్సవం క్యూలైన్ల గురించి మాట్లాడుతూ చెక్కు వైపు సరిగ్గా చూడకుండానే గీకేశాను.

కలిసింది.